ఖాళీ డబ్బాల విశాలాక్షి టీచరు

విశాలాక్షి టీచరుకి విదేశీ చెత్తంటే ప్రాణం.

మాటవరసకి అంటున్నది కాదు, అచ్చమైన చెత్తే. చింపేసిన ట్రాము టికెట్టు, సబ్బు మీద చుట్టిన కాగితం, దగ్గుమందు సీసాతోపాటు మడిచిపెట్టే సన్నక్షరాల కాగితం, హోటలు గది తలుపుకి తగిలించే 'నిద్ర చెడగొట్టకండి' అట్టముక్క. జూబ్లీ హిల్స్‌లో ఎవరైనా పైదేశం నుంచి దిగారని తెలిస్తే చాలు, వాళ్ళు సూట్‌కేసు తెరిచేలోపు గేటు దగ్గర ఆవిడ నల్లగొడుగు ప్రత్యక్షమయ్యేది. ఇంటివాళ్ళు మొహమాటపడి సెంటుసీసా చేతిలో పెట్టబోతే, సీసా తీసి వాళ్ళకే ఇచ్చేసి పెట్టె మాత్రం చంకలో ఇరికించుకునేది.

"సెంటు మీరు పూసుకోండి. పెట్టె పారెయ్యకండి, నాకివ్వండి."

తొంభైల మొదట్లో మన సినిమావాళ్ళకి స్విట్జర్లాండ్ పిచ్చి పట్టింది. కథ పామర్రులో జరుగుతున్నా పాట మాత్రం మంచుకొండల మీదే. యూనిట్టు బయల్దేరుతుంటే ఇంటివాళ్ళు చాక్లెట్లు తెమ్మనేవాళ్ళు, గడియారాలు తెమ్మనేవాళ్ళు. విశాలాక్షి టీచరు ఫిల్మ్‌నగర్ రోడ్డు మీద వ్యాను ఆపి మరీ చెప్పేది, "చాక్లెట్లు మీరు తినండి, కాగితాలు నాకు తెండి" అని. హీరోగారికీ అదే మాట, లైట్లు మోసే మనిషికీ అదే మాట. ఎవరికీ ఏమీ కొనుక్కురాలేని లైట్‌మేన్ కూడా నలిగిన బస్సు టికెట్టు ఒకటి దర్జాగా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, హీరోగారితో సమానంగా దండం పెట్టించుకుని వెళ్ళేవాడు.

ఇంత చెత్త ఎందుకంటే, ఆవిడ ఫ్రెంచి టీచరు. పెద్దవాళ్ళ పిల్లలు చదివే ఒక ప్రైవేటు బళ్ళో పాఠం చెప్పేది. ఆ బళ్ళో ఈతకొలను ఉంది, టెన్నిస్ కోర్టు ఉంది. ఫ్రెంచికి మాత్రం మెట్ల కింద ఒక గది, ఒక ముసలి వాచకం ఉన్నాయి. ఆ వాచకంలో జనం ఇంకా గుర్రపుబండ్లలో తిరుగుతూ, దీపాలకి నూనె పోసుకుంటూ ఉన్నారు. అది చదివిన పిల్లలు పారిస్‌లో దిగితే గుర్రానికి దాణా అడగగలరు గానీ తమకి మంచినీళ్ళు అడగలేరు. అందుకని ఆవిడ మంచినీళ్ళ సీసా మీది కాగితం తెప్పించి, దాన్నే పాఠం చేసేది.

అసలు అన్యాయం వేరే ఉంది.

విదేశీ భాష చెప్పే టీచర్ల కోసం పాండిచ్చేరిలో ఏటా వేసవి శిక్షణ జరిగేది. ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్ళు వచ్చి, పాఠం ఎలా చెప్పాలో చెప్పి చూపించేవాళ్ళు. ఉండడానికి గది, తినడానికి తిండి, తిరిగొచ్చేటప్పుడు సంచీ నిండా కొత్త పుస్తకాలూ క్యాసెట్లూ. బడికి ఒక సీటు. విశాలాక్షి టీచరు అంతవరకూ ఫ్రెంచివాళ్ళ నోట ఫ్రెంచి విన్నది లేదు. ఆ వేసవి శిక్షణకి ఒక్కసారి వెళ్ళాలన్నదే ఆవిడ కోరిక. ఆ సీటులో బడి ఏటా ఇంకొకర్ని కూర్చోబెట్టేది. ఓ వేసవి పీటీ మాస్టారు వెళ్ళాడు, ఆయన అత్తవారు ఆ పక్కన కడలూరులో ఉంటారు కాబట్టి. మరో వేసవి ప్రిన్సిపాలుగారి ఆడపడుచు వెళ్ళింది, ఆయాసానికి సముద్రపు గాలి మంచిదట. ఆ తర్వాత హెడ్‌క్లర్కు త్రినాథరావు పట్టుకున్నాడు. బడి తరఫున రైలు టికెట్లు రాయించేది ఆయనే కనక, తన పేరే రాయించేసుకునేవాడు.

విశాలాక్షి టీచరు ఒకసారి నోరు తెరిచి అడిగింది. ప్రిన్సిపాలు శేషారత్నంగారు చాలా ప్రేమగా జవాబిచ్చింది.

"నీకు ఫ్రెంచి వచ్చు కదమ్మా. వచ్చినదాన్ని మళ్ళీ పంపించి ఏం చేసుకుంటాం? రానివాళ్ళు వెళితే నేర్చుకుంటారు."

"వాళ్ళు పాఠం చెప్పరు కదండీ."

"అందుకే మరి. తీరిగ్గా ఉన్నది వాళ్ళే. నువ్వెళితే ఇక్కడ వేసవి క్లాసులెవరు తీసుకుంటారు?"

చెరుకు పండించేవాడికి పంచదార ఎందుకు అన్నట్టుండే ఈ న్యాయం మన బళ్ళల్లో ఇవాళ్టికీ చెల్లుతోంది. శిక్షణలో ఇచ్చిన పుస్తకాల సంగతీ అంతే. త్రినాథరావు వాటిని తెచ్చి ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. "పిల్లల చేతులు పడితే పాడైపోతాయి మేడం" అనేవాడు. తాళాలగుత్తి ఆయన నడుముకి వేలాడుతుంటే, మనిషి కంటే ముందు దాని శబ్దం వచ్చేది. ఈఫిల్ టవర్ బొమ్మ వేసిన శిక్షణ సంచీలో మాత్రం సొంతానికి కూరగాయలు తెచ్చుకునేవాడు. టవరు పక్కనుంచి ములక్కాడలు తొంగిచూస్తుంటే, ఏది టవరో ఏది ములక్కాడో తెలిసేది కాదు.

విశాలాక్షి టీచరు తగువు పెట్టుకోలేదు. పాండిచ్చేరి వెళ్ళొచ్చిన ప్రతి మనిషినీ స్టాఫ్‌రూములో కూర్చోబెట్టి, సొంత డబ్బాలోని జంతికలు పెట్టి, రెండే ప్రశ్నలు అడిగేది. "అక్కడ ఏం పారేశారు?" ఒకటి. "ఏయే ఊళ్ళ నుంచి ఎవరెవరు వచ్చారు?" రెండోది. మొదటి ప్రశ్న పిచ్చితనమనీ, రెండోది ఆడవాళ్ళ ఆరా అనీ అందరూ తీర్మానించుకున్నారు. పీటీ మాస్టారయితే, "జంతికలు బాగుంటాయి, అడిగినవన్నీ చెప్పెయ్యండి" అని తర్వాతి వాళ్ళకి సలహా కూడా ఇచ్చాడు.

కౌసల్య ఆ బళ్ళో తెలుగు టీచరుగా చేరింది అప్పుడే. కరీంనగర్ మనిషి. మొదటి రోజు స్టాఫ్‌రూములో "గీడ కూసోవచ్చా" అంటే అందరూ కిసుక్కున నవ్వారు. అప్పట్నుంచీ నోరు విప్పాలంటే పుస్తకంలోంచి చదువుతున్నట్టు మాట్లాడేది. మెట్ల కింద గదిలో మాత్రం అలా మాట్లాడితే విశాలాక్షి టీచరు ఒప్పుకునేది కాదు.

"నాతో నీ మాట నువ్వు మాట్లాడు కౌసల్యా. ఇద్దరం భాషలు చెప్పుకు బతికేవాళ్ళమే. మనకి మనమే తప్పులు దిద్దుకుంటే ఇంక పిల్లలకేం దిద్దుతాం?"

అంతే, కౌసల్య ఆవిడకి చెల్లెలైపోయింది. చెత్త ఏరడానికి తోడు వెళ్ళేది, టికెట్లు ఇస్త్రీ చేసేది. ఒక్క సంగతే ఆమెకి అంతుపట్టలేదు.

"అక్కా, గింత చెత్త లోపల్కి వస్తది, గది మాత్రం ఎన్నడు నిండదు. యాడికి పోతది గిదంత?"

"తిరుగుతుందిలే" అనేది విశాలాక్షి టీచరు. శనివారం మధ్యాహ్నం గుడ్డసంచీ భుజాన వేసుకుని గొడుగు పట్టుకుని తాను కూడా ఎటో తిరగడానికి పోయేది.

ఓ జనవరిలో ఆవిడకి ఒక సరుకు కొరత పడింది. సినిమా రీళ్ళు పెట్టే గుండ్రటి రేకు డబ్బాలు, అవీ ఖాళీవి. ఫిల్మ్‌నగర్‌లో నిర్మాత వీరరాఘవయ్య ఇంట్లో డబ్బాలు ఊరికే పడున్నాయని ఎవరో చెబితే, కౌసల్యని వెంటబెట్టుకుని కొండెక్కింది.

వీరరాఘవయ్యది గుంటూరు వైపు. పొలాలు చూసుకుంటూ ఉన్న మనిషి, సరదాపడి ఒకే ఒక సినిమా తీశాడు. కొనేవాడు లేక అది డబ్బాల్లోనే ఉండిపోయింది. సినిమావాళ్ళ వీధిలో ఒక మనిషిని ఎదురుగా అడగకూడని మాట ఏదైనా ఉందంటే, 'మీ సినిమా ఇంకా డబ్బాల్లోనే ఉందా' అన్నదే. ఈ సంగతి ఫ్రెంచి టీచరుకి తెలీదు. వరండాలో దుప్పటి కప్పి, పైన తులసికుండీ పెట్టిన డబ్బాల దొంతర చూడగానే ఆవిడ కళ్ళు మెరిశాయి.

"మీ డబ్బాలు ఊరికే పడున్నాయని విన్నానండీ."

వీరరాఘవయ్య మొహం వాడిపోయింది. "ఎవరన్నారు?"

"ఫిల్మ్‌నగరంతా అనుకుంటున్నారు కదండీ."

కౌసల్య వెనకనుంచి ఆవిడ కొంగు లాగింది. ఆవిడ ఆగితేగా.

"పారెయ్యకండి, నాకివ్వండి. మా పిల్లలకి పనికొస్తాయి."

ఆయన మెల్లగా అడిగాడు. "పిల్లలకా?"

"పిల్లలకీ, టీచర్లకీ కూడా."

"టీచర్లు కూడా చూస్తారా?" అన్నాడు వీరరాఘవయ్య. లోపలున్న భార్యకి కేకేశాడు. "జగదాంబా, కాఫీ పట్రా. మంచి గ్లాసుల్లో పట్రా. చూడమ్మా టీచరమ్మా, మూడేళ్ళుగా ఈ సినిమా చూడమని కనపడ్డవాడినల్లా బతిమాలాను. ఒక్కడూ రెండో రీలు దాకా కూర్చోలేదు. మీ అంతట మీరు గడప తొక్కి, చూస్తామని అడిగారు. మంగళవారం పొద్దున ప్రివ్యూ థియేటరు ఖాళీ. పిల్లల్ని తీసుకురండి. బస్సు నాది, సమోసాలు నావి."

కౌసల్య విశాలాక్షి టీచరు వంక చూసింది, ఇప్పుడు అసలు సంగతి చెప్పేస్తుందని. ఆవిడ ఆయన మొహం వంక చూసి, తెరిచిన నోరు మూసుకుంది. కాఫీ తాగి, "తప్పకుండా వస్తామండీ" అని లేచింది.

కొండ దిగుతుంటే కౌసల్య నిలదీసింది.

"మీరడిగింది ఖాళీ డబ్బాలు గదక్కా."

"అవును."

"ఆయన సిన్మ చూపిస్తనంటుండు."

"అవునే."

"మరి చెప్పకపోతిరి."

"ఆ మొహం చూశాక ఎలా చెప్పమంటావ్? అయినా అందులో జెనీవాలో తీసిన పాట ఉందట. జెనీవాలో బోర్డులన్నీ ఫ్రెంచిలోనే ఉంటాయి." ఆవిడ నడక వేగం పెంచింది. "నువ్వు నడువ్, పాఠం తయారుచేసుకోవాలి."

మంగళవారం అనుమతి అడిగితే ప్రిన్సిపాలు ఎన్నడూ లేనిది వెంటనే ఇచ్చేసింది. పొద్దున్నే వెళ్ళమంది, తొందరపడి రావద్దంది. ఆ ఔదార్యం వెనక సంగతి మంగళవారం పొద్దున గానీ కౌసల్యకి తెలియలేదు. పాండిచ్చేరి శిక్షణ చూసే పెద్దాయన ఒకరు ఆ రోజే బడికి వస్తున్నారు. పాఠం చెప్పే టీచరుకి మాత్రమే సీటు అని ఆ ఏడు కొత్తగా నియమం పెట్టారట. టీచరెవరో కళ్ళతో చూసి వెళ్ళడానికి ఆయన రాక. బడి తరఫున ఫ్రెంచి టీచరు ఎవరయ్యా అంటే, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఆ ఒక్క రోజుకీ తాళాలగుత్తి చొక్కా కింద దాచుకున్న త్రినాథరావు. తెలుగులో స్వాగతం చెప్పడానికి కౌసల్యని ఆపారు. ఇదంతా తెలిసేసరికి పిల్లల బస్సు వెళ్ళిపోయింది. అక్క పాండిచ్చేరి సీటు కళ్ళ ముందే మళ్ళీ పోతోంది, అక్కేమో అక్కడ సమోసాలు పంచుతోంది.

వచ్చినాయన పేరు అచ్యుతరామయ్య. పంచె, కోటు, చేతికర్ర. స్వాగతం విని, కౌసల్యకి నమస్కరించి, "ఆయ్, మాది యానామండి" అన్నాడు. "మా నాన్నగారి కాలంలో ఫ్రెంచివాళ్ళ ఏలుబడి కదండి, ఇంట్లో తెలుగు, బళ్ళో ఫ్రెంచి. మీ తెలుగు వినడానికి బాగుందమ్మా, పుస్తకంలా కాకుండా మీ ఊళ్ళోలా మాట్లాడితే ఇంకా బాగుంటుందండి." కౌసల్యకి ఆయన మీద అక్కడికక్కడే గురి కుదిరింది.

ఆయన త్రినాథరావు వైపు తిరిగి నవ్వుతూ, ఫ్రెంచివాళ్ళు మొట్టమొదట అడిగే మాట అడిగాడు.

"కొమాన్ తాలే వూ?"

'మీరెలా ఉన్నారు' అని దాని అర్థం. మెట్ల కింద గదిలో మొదటి రోజు మొదటి పాఠం అదే. త్రినాథరావుకి మాత్రం అది స్పష్టమైన మనభాషలో వినపడింది: కమాన్, తాళాలేవీ?

ఆయన మొహం పాలిపోయింది. "తాళాలా... నా దగ్గరే ఉన్నాయి సార్" అని చొక్కా ఎత్తి గుత్తి బయటికి తీశాడు.

అచ్యుతరామయ్య గుత్తి వంకా మనిషి వంకా చూశాడు. "ఏ తాళాలండి?"

"మీరు పంపిన పుస్తకాల బీరువావి సార్. ఒక్కటి కూడా పోలేదు. చీమని కూడా ముట్టుకోనివ్వలేదు."

"అలాగాండి. అయితే తెరవండి."

శేషారత్నంగారు "కాఫీ తాగాక..." అంటూనే ఉంది, బీరువా తెరుచుకుంది. ఏళ్ళ తరబడి వచ్చిన పుస్తకాలు, క్యాసెట్లు, పటాలు, బొమ్మల అట్టలు. ప్లాస్టిక్ కాగితం కూడా విప్పలేదు. కలరా ఉండల వాసన గుప్పుమంది. అచ్యుతరామయ్య ఒక క్యాసెట్టు తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, అదేమైనా మాట్లాడుతుందేమోనన్నట్టు.

"ఫ్రెంచి పాఠం చెప్పేదెవరండి?" అన్నాడు.

ప్రిన్సిపాలు నోరు తెరిచేలోపు కౌసల్య నోరు తెరిచింది. పుస్తకం మాట కాదు, కరీంనగర్ మాటే వచ్చింది.

"మా విశాలాక్షక్క చెప్తది సార్. ఇప్పుడు ఫిల్మ్‌నగర్ల ఉన్నది. దా పోదాం, నేను తీస్కపోత."

కౌసల్యా అచ్యుతరామయ్యా ఎక్కిన ఆటో ముందు, ప్రిన్సిపాలుగారి కారు వెనక, కారులో ముందు సీట్లో తాళాలగుత్తితో త్రినాథరావు. ప్రివ్యూ థియేటరు తలుపు తీయగానే అందరి చెవులూ చిల్లులు పడ్డాయి. పిల్లలు బల్లలెక్కినంత పని చేస్తూ అరుస్తున్నారు.

"మళ్ళీ, మళ్ళీ."

తెర మీద ఆరో రీలు. జెనీవా వీధిలో హీరో హీరోయిన్ల పాట. విశాలాక్షి టీచరు తెర పక్కన నిలబడి గొడుగుతో చూపిస్తోంది. హీరోని కాదు. హీరో వెనకున్న దుకాణం బోర్డుని.

"ఎవరు చదువుతారు? త్వరగా, చీర అడ్డం వచ్చేస్తుంది."

"బూలాంజెరీ" అని ఓ పిల్ల అరిచింది. "రొట్టెల కొట్టు, టీచర్."

"సెబాష్. పక్కదాని మీద ఏముంది?"

"హీరో తల ఉంది టీచర్."

"ఆయన ఎడమకి గంతేస్తాడు, అప్పుడు చూడండి. ఇదిగో గంతేశాడు."

"ఫార్మసీ. మందుల కొట్టు."

ఇంతలో గుంపులో డాన్సరు ఒకడు అటుగా పోతున్న ముసలాయన్ని గుద్దేశాడు. ముసలాయన టోపీ ఎత్తి ఏదో అని తప్పుకున్నాడు. మాట వినపడలేదు, పాట హోరులో పెదాలు మాత్రం కదిలాయి.

"ఆయనేమన్నాడు?" అని అడిగింది విశాలాక్షి టీచరు.

"మళ్ళీ చూడాలి టీచర్. మళ్ళీ, మళ్ళీ."

ఆవిడ వెనక్కి తిరిగి, ప్రొజెక్టరు గది కిటికీ వైపు కేకేసింది. "పోచయ్యగారూ, ఆ ముసలాయన దగ్గర ఒక్క నిమిషం ఆపుతారా?"

షేక్‌పేట నుంచి వచ్చి పనిచేసే ఆపరేటరు పోచయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఆపితే కాలుతది మేడం. రీలేమన్న రొట్టెనా, ఒక్క దిక్కే కాల్చుకుంట కూసునేందుకు. తిప్పుడే గానీ ఆపుడు లేదు. జర సబర్ చెయ్యండ్రి, మొదటికెల్లి ఏస్త."

మళ్ళీ మొదటినుంచి పాట. మళ్ళీ గంతులు, మళ్ళీ గుద్దుడు. పిల్లలందరూ ముసలాయన పెదాల మీదే కళ్ళు పెట్టి, ఒక్క గొంతుతో "పార్దోన్" అన్నారు. క్షమించమని అర్థం. గుద్దినవాడు చెప్పాల్సిన మాట గుద్దించుకున్నవాడు ఎందుకు చెప్పాడని ఒక పిల్లవాడు అడిగితే, విశాలాక్షి టీచరు, "అది మన బళ్ళో కూడా జరుగుతూ ఉంటుందిలే, కూర్చో" అంది.

వెనక వరసలో వీరరాఘవయ్య కండువాతో కళ్ళొత్తుకుంటున్నాడు. కౌసల్య దిగులుపడి దగ్గరికి వెళ్ళింది, ఆయన హీరోని ఎవరూ చూడడం లేదని బాధపడుతున్నాడేమోనని.

"చూశావామ్మా" అన్నాడాయన. "నా పాటకి వన్స్‌మోర్. ఆగకుండా వన్స్‌మోర్. ఫస్టు రిలీజులో కూడా ఎవడికీ పడలేదమ్మా ఇన్ని వన్స్‌మోర్లు."

రీలు అయిపోయి దీపాలు వెలిగాక గానీ విశాలాక్షి టీచరు వచ్చినవాళ్ళని చూడలేదు. ప్రిన్సిపాలుని చూసి గొడుగు వెనక దాచుకుంది. అచ్యుతరామయ్య ముందుకొచ్చి, "కొమాన్ తాలే వూ, మదామ్?" అన్నాడు.

ఆవిడ మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. పాఠంగా ఎన్ని వందలమందికో నేర్పిన మాట, ఆవిడని ఎవరో నిజంగా అడిగింది అదే మొదలు. గడగడా జవాబిచ్చింది. ఆయన ఇంకేదో అడిగాడు, ఆవిడ ఇంకేదో చెప్పింది. ఇద్దరూ నవ్వారు. త్రినాథరావు కౌసల్య చెవిలో, "తాళాలు ఆవిడ దగ్గర కూడా ఉన్నాయా?" అని అడిగాడు.

ఆ నవ్వు మధ్యలో అచ్యుతరామయ్య చూపు గోడవారగా పేర్చిన రేకు డబ్బాల మీద పడింది. ఒక మూత తీసి చేతిలో తిప్పి చూశాడు.

"ఇవి ఎవరివండి?"

"నావేనండి" అన్నాడు వీరరాఘవయ్య వినయంగా. "టీచరమ్మ అడిగి మరీ చూస్తోంది."

"అడిగింది గివి కాదు సార్, ఖాళీవి" అని ప్రొజెక్టరు గదిలోంచి దిగొచ్చిన పోచయ్య అందుకున్నాడు. "మేడంకు ఖాళీ డబ్బాలు కావాలె. మా థియేటర్ల పాతయి పారేస్తుంటే నేనే ఇస్తుంటి. బియ్యం పోసుకుంటదేమో అనుకున్న."

అచ్యుతరామయ్య మూత కింద పెట్టలేదు.

"కిందటి వేసవి మా శిక్షణకి కర్నూలు నుంచి ఒకావిడ వచ్చిందండి. చేతిలో సరిగ్గా ఇలాంటి డబ్బా. లోపల ట్రాము టికెట్లు, సబ్బు కాగితాలు, హోటలు అట్టముక్కలు, ఒక్కోదానికీ ఒక్కో ఆట, ఒక్కో పాఠం. ఎక్కడిదమ్మా అంటే, బస్సులో పార్సిలు వచ్చిందండి, పంపిందెవరో తెలీదండి అంది. పైన మాత్రం, వాడుకుని పక్క ఊరి టీచరుకి పంపండి అని ఉందట. ఇంతలో వరంగల్లాయన లేచి, నాకూ వచ్చిందన్నాడు. కాకినాడావిడ తనకొచ్చింది రాజమండ్రి పంపేశానంది. వాళ్ళ బళ్ళల్లోనూ పుస్తకాలు లేవండి. ఈ డబ్బాలతోనే లాక్కొస్తున్నారు. సినిమా డబ్బాలు దొరికే ఊరు ఇదే కదా అని, హైదరాబాదు నన్ను పంపమని అడిగి మరీ వచ్చానండి."

కౌసల్యకి అప్పుడు అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. నిండని గది, శనివారం గుడ్డసంచీ, జంతికలు, 'ఏయే ఊళ్ళ నుంచి ఎవరెవరు వచ్చారు' అనే ఆరా. తన సీటులో కూర్చుని వచ్చిన వాళ్ళ చేతే తనలాంటి వాళ్ళ చిరునామాలు చెప్పించుకుంది ఈ మనిషి.

"అక్కా" అంది, "మీరు చెత్త జమ చేస్తలేరు. డిపో నడుపుతున్నరు."

"రేకు డబ్బా అయితే ఎలకలు కొట్టవు, వానకి తడవదు" అంది విశాలాక్షి టీచరు, తప్పు చేసి దొరికినట్టు. "ఆ కాగితాలు నా గదిలోనే ఉంటే ఒక్క క్లాసుకే పనికొస్తాయి కదండీ."

అచ్యుతరామయ్య ప్రిన్సిపాలు వైపు తిరిగాడు. "ఈ ఏడు మీ బడి సీటు ఈవిడదండి. సీటుతోపాటు ఒక మధ్యాహ్నం కూడా ఈవిడదే. అక్కడికొచ్చే టీచర్లందరికీ డబ్బా పాఠం చెప్పాలి."

"తప్పకుండానండీ" అంది శేషారత్నంగారు. "మేమూ మొదట్నుంచీ అదే అనుకుంటున్నాం."

అందరూ విశాలాక్షి టీచరు ఏడుస్తుందనుకున్నారు. ఆవిడ గొడుగు చంకలో పెట్టుకుని, ఉత్సాహం ఆపుకోలేక ఒక ప్రశ్న అడిగింది.

"అక్కడ చెత్తబుట్టలు రోజూ ఏ వేళకి ఖాళీ చేస్తారండీ?"

ఆ మేలో ఆవిడ పాండిచ్చేరి వెళ్ళింది. వేసవి క్లాసులు ఎవరు తీసుకుంటారన్న ప్రశ్నకి కౌసల్య జవాబైంది. పుస్తకాల బీరువా మెట్ల కింద గదిలోకి మారింది, తాళం లేకుండా. వీరరాఘవయ్య సినిమా డబ్బాల్లోంచి ఎప్పటికీ బయటికి రాలేదు గానీ, ఆయన మాత్రం బయటికొచ్చాడు. ఫిల్మ్‌నగర్‌లో ఉన్న ఆఫీసులన్నీ తిరిగి, "మీ పాత డబ్బాలు పారెయ్యకండి, నాకివ్వండి" అని ఏరుకొచ్చేవాడు. ఆ మాటకి మొహం మాడ్చుకున్న తోటి నిర్మాతలకి, "ఖాళీవేనయ్యా బాబూ" అని ముందే చెప్పడం నేర్చుకున్నాడు.

విశాలాక్షి టీచరు రైలెక్కే రోజున, ఆనవాయితీ ప్రకారం టికెట్టు రాయించిన త్రినాథరావు ఈఫిల్ టవర్ సంచీ ఉతికి తెచ్చిచ్చాడు. ములక్కాడల వాసన ఇంకా పోలేదు.

"మేడం, ఆరోజు ఆయన నన్నడిగిందానికి అర్థం ఏంటి?"

"మీరెలా ఉన్నారు అని."

"ఇన్నేళ్ళలో మిమ్మల్ని మేమెవరం అడగలేదు కదండీ."

"ఇప్పుడడగండి."

"కమాన్ తాళాలేవీ, మేడం?"

"బాగున్నానండీ" అంది ఆవిడ. "చాలా బాగున్నాను."

మీ పిల్లల బళ్ళో కూడా ఒక విశాలాక్షి టీచరు ఉండే ఉంటుంది, ఏ మెట్ల కిందో. రేపు పిల్లల్ని దింపడానికి వెళ్ళినప్పుడు లోపలికి వెళ్ళండి. జేబులో నలిగిన విదేశీ కాగితమేదైనా ఉంటే పారెయ్యకుండా ఆవిడకివ్వండి. ఇచ్చి, కొమాన్ తాలే వూ అని అడగండి. అక్కడితో ఆగకండి. ఆవిణ్ణి శిక్షణకి చివరిసారి ఎప్పుడు పంపారో, ఆవిడ పేరు మీద వచ్చిన పుస్తకాలు ఎక్కడున్నాయో ఆఫీసుగదిలోకి వెళ్ళి అడగండి. కొత్త మాటలేం వెతుక్కోనక్కర్లేదు. అవే మాటలు, కాస్త గొంతు పెంచి, మన భాషలో అడిగితే చాలు.

కమాన్, తాళాలేవీ?